కాలమెఱిగి పనిచేయు సూక్ష్మజీవి

తుళ్లూరు నల్లరేగడిలో ప్రత్తి పెట్టిన పెద్దలకు కాయతొలుచు పురుగును గూర్చి క్రొత్తగా చెప్పనక్కఱ లేదు. ఆ పురుగునకు శత్రువైన సూక్ష్మజీవి చరిత్రను నేడు మనవిచేసెదను.

1901లో జపానుదేశమున ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు చచ్చిన పట్టుపురుగులలో దీనిని కనుగొనెను. జర్మనీయందలి తురింగియా మండలమున 1911లో బెర్లినరు పండితుడు పిండిపురుగులనుండి దీనినే వేఱుపఱచి, 1915లో ఆ మండలము పేర 'బాసిల్లస్ తురింజియెన్సిస్' అని పేరిడెను.

ఆహారము తఱిగినపుడు ఇది విత్తనమువంటి గట్టిరూపము దాల్చుచు, విషపు మాంసకృత్తును స్ఫటికముగా కూర్చును. దానిని మ్రింగిన పురుగు కడుపులోని జీర్ణరసమే ఆ విషమును మేల్కొల్పును.

మాంసకృత్తులను ఛేదించు ఎంజైములను సైతము ఈ జీవి చేయగలదు. కాని వాని జన్యువులు ఎల్లవేళల తెఱచియుండవు. ప్రతి జీవియు ఒక సంకేతద్రవ్యమును వెలికి విడుచును. గుంపు పెరిగి సంకేతము చిక్కబడినపుడే 'పిఎల్‌సిఆర్' అను కావలి మాంసకృత్తు కొన్ని ఎంజైముల జన్యువులను తెఱపించును. పురుగు చచ్చిన పిమ్మట 'ఎన్‌పిఆర్‌ఆర్' అను మఱియొక కావలి, కళేబరమును కరిగించు ఎంజైమును పుట్టించును. అదను రానిదే వ్యయము లేదు.

2002లో మనదేశమున అనుమతి పొందిన బీటీ ప్రత్తిలో విషపు జన్యువు చేరెను. ఈ కాలజ్ఞానము చేరలేదు. మొక్క ఎల్లవేళల విషము చేయుచుండగా, దానికి లొంగని పురుగులే మిగిలి సంతతి పెంచుకొనెను. 2010 నాటికి గుజరాతులో అట్టి గులాబిరంగు పురుగు బయల్పడెను. చేనిచుట్టు బీటీ కాని ప్రత్తి సాళ్లు వేయుమని నాడు చెప్పినది అందుకే. అచ్చట పెరిగిన లొంగు పురుగులు లొంగనివానితో జతగూడి, ఆ మొండితనమును పలుచన చేయును. ఆయుధము ఎంత వాడియైనదో, దానిని ఎప్పుడు దూయవలయునో ఎఱుగుటయు అంత ముఖ్యము.