క్యాప్సూల్ ఎండోస్కోపీలో ఫ్రేముల పూరణం

రోగి మింగిన కెమెరా మాత్ర పేగులోంచి రేడియో ద్వారా పంపే వీడియోలో కొన్ని ఫ్రేములను వదిలేసి, వాటిని బయటి కంప్యూటరు చేత ఊహించి నింపించే పద్ధతి. దీన్ని ఫ్రేమ్ ఇంటర్‌పొలేషన్ అంటారు. అవధానంలో సమస్యాపూరణం లాంటిదే, కాకపోతే ఇక్కడ ముందు పాదం, వెనక పాదం ఇచ్చి నడిమిది పూరించమంటారు. ఇదంతా మాత్రలోని బ్యాటరీని ఆదా చేయడానికే.

గొట్టం ఎండోస్కోపీకి చిన్నపేగులో చాలాభాగం అందదు. క్షిపణుల కెమెరాలపై పనిచేసిన ఇజ్రాయెల్ ఇంజినీరు గావ్రియెల్ ఇడ్డాన్‌కు మాత్ర ఆలోచన 1980లలో తట్టింది. లండన్ వైద్యుడు పాల్ స్వేన్ విడిగా అదే దారిలో నడిచి తర్వాత ఆయనతో కలిశాడు. 2000లో నేచర్ పత్రిక వారి పరిశోధనను అచ్చువేసింది. మరుసటి ఏడాది గివెన్ ఇమేజింగ్ కంపెనీ తయారుచేసిన ఆ మాత్రకు అమెరికా అనుమతి దక్కింది.

ఆ తొలి మాత్ర పొడవు 26 మిల్లీమీటర్లు, బరువు 4 గ్రాముల లోపు. లోపల చేతిగడియారంలో వాడే రకం సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ బిళ్లలు రెండు. సెకనుకు 2 చొప్పున 8 గంటలు తీస్తే 57,600 చిత్రాలు. చీకటి పేగులో ప్రతి చిత్రానికీ దీపం వెలగాలి, ఆపై రేడియో పనిచేయాలి. నిలువునా అడ్డంగా 256 బిందువుల చదరపు చిత్రాన్ని కుదించకుండా పంపితే సెకనుకు సుమారు 10 లక్షల బిట్లు అవుతాయి.

ఫ్రేమును అసలు తీయకుండా వదిలితే దీపం, సెన్సరు, రేడియో మూడూ విశ్రాంతి తీసుకుంటాయి. తీసి, క్లుప్తంగా పంపితే రేడియో ఖర్చు మాత్రమే తగ్గుతుంది. పరిశోధకులు ఎక్కువగా ఈ రెండో దారినే పట్టారు. 1973లో స్లెపియన్, వుల్ఫ్, 1976లో వైనర్, జివ్ నిరూపించిన సిద్ధాంతాల ఆధారంగా స్టాన్‌ఫర్డ్‌లో 2002 ప్రాంతంలో వీడియో కుదింపును తలకిందులు చేశారు. మామూలు ఎంపెగ్‌లో కదలికలను వెతికే బరువు పంపేవాడిది. కొత్త పద్ధతిలో అది అందుకునేవాడిది. మాత్ర కొన్ని ఫ్రేములను పూర్తిగా పంపి, మధ్యవాటికి దిద్దుబాటు బిట్లు మాత్రమే జోడిస్తుంది. రిసీవరు ముందు, వెనక ఫ్రేములను బట్టి నడిమి చిత్రాన్ని ఊహించి, ఆ బిట్లతో తప్పులు దిద్దుకుంటుంది. బ్రస్సెల్స్‌లోను, మన సూరత్కల్ ఎన్ఐటీలోను దీన్ని క్యాప్సూల్ వీడియోకు మలిచారు.

ఈ దారి పట్టడానికి కారణం, దిద్దుబాటు లేని ఉత్త ఊహకు పేగు లొంగకపోవడమే. మాత్ర ఒక్కోచోట నిమిషాల తరబడి కదలదు, అప్పుడు పూరణం సులువు. అలలా ముడుచుకునే పేగు దాన్ని ఒక్కసారి తోసిందంటే అర సెకనులో దృశ్యమే మారిపోతుంది. రెండు ఫ్రేముల నడుమ కనిపించి మాయమైన చిన్న పుండును ఏ లెక్కా తిరిగి తేలేదు. ఇటీవలి న్యూరల్ నెట్‌వర్కులు నున్నటి చిత్రాన్ని అల్లగలవు. ఆ నునుపు వైద్యుడి కంటికి హాయి, నిర్ధారణకు మాత్రం ప్రమాదం. అందుకే ఊహించిన ఫ్రేమును చూసి రోగం లేదని తేల్చకూడదు.

మార్కెట్‌లోకి వచ్చిన మాత్రలు వేరే ఉపాయాలు పట్టాయి. పిల్‌క్యామ్ ఎస్‌బి3 కదలిక పెరిగితే సెకనుకు 6 చిత్రాలు, తగ్గితే 2 తీస్తుంది. కొరియా మాత్ర మిరోక్యామ్ రేడియోకు బదులు రోగి ఒంటినే తీగలా వాడుకుంటుంది. క్యాప్సోక్యామ్ ఏదీ ప్రసారం చేయదు, చిత్రాలన్నీ తనలోనే దాచుకుంటుంది. మాత్ర విసర్జనలో బయటపడ్డాక రోగి దాన్ని ఏరి భద్రంగా తిరిగి పంపాలి.