బెర్లిను గుఱ్ఱం హాన్సు కథ

పశువులకు మనసు ఉన్నదా, ఉంటే దానిని మనం కనుక్కొనేది ఎట్లా అనే ప్రశ్నమీద పడమటి దేశాలలో నూటయేభై ఏండ్లుగా వాదం నడుస్తున్నది. ఆ వాదమంతా చెప్పబూనితే ఈ ఉగాది సంచికలో పుటలు చాలవు. అందులో ఒక గుఱ్ఱం కథ మాత్రం మన సంఘ సోదర సోదరీమణులకు మనవి చేయదలచినాను. ఆ కథను సాధారణంగా చెప్పే తీరులో సగమే ఉన్నదని నా అభిప్రాయం.

జర్మనీ దేశపు బెర్లిను నగరంలో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే వృద్ధుడు ఉండేవారు. బడిలో లెక్కలు చెప్పి విరమించినవారు. ఆయన తన గుఱ్ఱం హాన్సుకు, పిల్లలకు చెప్పినట్లే, నల్లబల్ల పెట్టి ఏండ్ల తరబడి చదువు చెప్పారు. గుఱ్ఱానికి మాట లేదు గనుక జవాబును ముందుకాలి గిట్టతో నేలను తట్టి చెప్పేది. రెండూ మూడూ ఎంత అంటే అయిదుసార్లు తట్టి ఆగేది. కూడికలు, తీసివేతలే కాదు, భిన్నాలు కూడ చేసేది. తారీఖు అడిగితే చెప్పేది. చూడవచ్చిన జనం దగ్గర ఆయన రుసుము పుచ్చుకోలేదు. ఇది గమనించదగిన సంగతి. మోసగాడైతే మొదట టిక్కెట్టు పెట్టి ఉండేవాడు.

కీర్తి పెరిగేకొద్దీ అనుమానమూ పెరిగింది. 1904 సెప్టెంబరులో మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ స్టుంఫ్ ఆధ్వర్యాన 13 మంది గల సంఘం పరీక్షకు కూర్చున్నది. పశువైద్యుడు, సర్కసు నడిపేవాడు, ఆశ్విక దళపు అధికారి, బడిపంతుళ్ళు, ఇట్లా గుఱ్ఱాన్నో చదువునో ఎరిగినవారే అందులో ఉన్నారు. ఇందులో మోసమేదీ లేదని వారు తేల్చారు. మరి కిటుకు ఎక్కడున్నది? దానిని వెదకే పని స్టుంఫ్ శిష్యుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ మీద పడింది.

ఫుంగ్‌స్ట్ చేసినది చాల సులభమైన పని. అంతకుముందు ఎవరికీ తోచలేదు, అంతే. జనం గుఱ్ఱాన్ని చూస్తూ ఉంటే ఆయన ప్రశ్న వేసే మనిషిని చూచాడు. అంకె వ్రాసిన అట్టను ప్రశ్నించేవానికి కనబడకుండా గుఱ్ఱానికి చూపితే జవాబు తప్పింది. ప్రశ్నించేవానికి జవాబు తెలిసి ఉంటే సరిపోయింది. తరువాత, జట్కా గుఱ్ఱాలకు కంటి పక్కల కట్టే తోలుముక్కలవంటివే, ఇంకా పెద్దవి, దానికి కట్టాడు. మనిషి కనబడకపోతే హాన్సు మళ్ళీ తప్పింది. అంతేకాదు, ఆ మనిషిని చూడాలని మెడ తిప్పి తిప్పి పెనుగులాడింది. చిరాకెత్తితే కరచేది కూడ.

కిటుకు ఇది. ప్రశ్న వేసినవాడు గిట్టను చూడడానికి తెలియకుండానే తల కొంచెం వంచుతాడు. తట్టుడు సరైన అంకెకు చేరగానే మనసులో బిగువు సడలి తల వెండ్రుకవాసి పైకి లేస్తుంది. హాన్సు అక్కడ ఆగుతుంది. ఈ సంగతి తెలిసిన తరువాత కూడ ఫుంగ్‌స్ట్ తన తలను తాను అదుపులో పెట్టుకోలేకపోయాడు. పిమ్మట ప్రయోగశాలలో తానే గుఱ్ఱమై కూర్చుండి, 25 మందిని ఒక అంకె తలచుకొమ్మని, తాను చేతితో తడుతూ వారి తలలు కనిపెట్టాడు. ఇద్దరు తప్ప అందరూ ఆ కదలికను బయటపెట్టినవారే. ఇదంతా 1907లో పుస్తకంగా అచ్చయింది.

ఇంతవరకు చెప్పి, కాబట్టి గుఱ్ఱానికి లెక్కలు రావు అని ముగించడం పరిపాటి. నిజమే, రావు. కాని పదముగ్గురు ప్రవీణులు రెండేసి కళ్ళు పెట్టుకొని చూడలేకపోయినదానిని ఆ గుఱ్ఱం చూచింది గదా! అది మనిషి ముఖాన్ని చదివింది. దానికి ఎవరూ నేర్పని చదువు అది. కథలో రెండవ సగం ఇదే.

మనకు ఈ విద్య కొత్తది కాదు. సంక్రాంతికి గంగిరెద్దు వాకిట నిలిచి, అయ్యగారికి దండం పెట్టమంటే తల ఊపుతుంది. ఎద్దుకు తెలుగు వచ్చునని ఆడించేవాడు ఎన్నడూ నమ్మలేదు. తన గొంతు, తన తాడు, తన నిలుపు దానికి ఎట్లా తెలుస్తాయో వానికి తెలుసును. తమిళనాట దీనిని బూంబూం మాడు అంటారు, కన్నడ సీమలో కోలె బసవ. తమిళనాట ఆడించేవారిలో అనేకులు ఇంట మాట్లాడేది తెలుగే. ఫాన్ ఓస్టెన్ గారు ఒకనాడు వారి సరసన కూర్చుని ఉంటే ఆయన పరువు దక్కేదేమో.

రైల్వేవాణ్ణి గనుక ఇక్కడ ఒక మాట చెప్పక ఉండలేను. దక్షిణాఫ్రికాలో ఉయిటెన్‌హేగ్ స్టేషనులో జేమ్స్ వైడ్ అనే సిగ్నలుమానుకు ప్రమాదంలో రెండు కాళ్ళూ పోయాయి. ఆయన 1881లో జాక్ అనే బబూన్ కోతిని కొని, తన ట్రాలీ తోయడం, సిగ్నలు లీవర్లు లాగడం నేర్పాడు. ఇంజను కూతలు విని అది లీవరు వేసేది. అధికారులు పరీక్షించి మరీ ఉండనిచ్చారు. 1890లో అది చనిపోయేవరకు కొలువు చేసింది.

హాన్సు వ్యవహారం శాస్త్రానికి ఒక మేలు చేసింది. పరీక్షించేవానికే జవాబు తెలియకుండా ఉంచవలెనన్న జాగ్రత్త బలపడింది. కాని వెంట ఒక భయమూ పుట్టింది. మనుష్యులలోను జంతువులలోను భావాలు ఎట్లా వ్యక్తమవుతాయో చార్లెస్ డార్విన్ 1872లోనే గ్రంథం వ్రాసి ఉన్నాడు. అది పక్కకు పోయింది. 1913లో అమెరికా పండితుడు వాట్సన్, శాస్త్రం పైకి కనబడే నడతనే చూడాలిగాని లోపలి మనసు జోలికి పోరాదని ప్రకటించాడు. పశువుకు భయం వేసింది అని వ్రాస్తే నవ్వే రోజులు వచ్చాయి. అదే కాలంలో కోళ్ళను తీగ బోనులలోను, దూడలను మెసలడానికి వీలులేని కొట్లలోను పెంచే పద్ధతి పెరిగింది. లోపల ఏమున్నదో అడగరాదన్న శాస్త్రం ఆ బోనులవారికి అడ్డు చెప్పలేదు.

అడిగినది పండితులు కాదు. 1964లో ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆమె ఆ బోనులమీద పుస్తకం వ్రాసింది. గగ్గోలు లేచి ప్రభుత్వం బ్రాంబెల్ అనే ఆచార్యుని కింద సంఘం వేసింది. 1965లో వారు కోరినది ఎంత స్వల్పమో చూడండి. పశువు లేవగలగాలి, పడుకోగలగాలి, తిరగగలగాలి, ఒళ్ళు శుభ్రం చేసుకోగలగాలి, కాళ్ళు చాపుకోగలగాలి. అంతే. జంతువులకూ బాధ, భయం, విసుగు ఉంటాయని ఆ నివేదిక దాచకుండా చెప్పింది.

గుఱ్ఱం దగ్గరకు శాస్త్రం మళ్ళీ వచ్చింది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 28 గుఱ్ఱాలకు మనుష్యుల ఛాయాచిత్రాలు చూపారు. కోపపు ముఖం చూచినప్పుడు వాటి గుండె త్వరగా వేగం అందుకొన్నది, ఆ ముఖాన్ని అవి ఎక్కువగా ఎడమకంటితో చూచాయి. ఫుంగ్‌స్ట్ గుఱ్ఱం కన్ను ఏమి పట్టుకొన్నదో కనిపెట్టాడు. గుండె ఏమన్నదో అడగడానికి నూటికి పైగా ఏండ్లు పట్టింది.

హాన్సు మాత్రం ఇవేవీ ఎరుగదు. ఫాన్ ఓస్టెన్ 1909లో పోయారు. గుఱ్ఱం కార్ల్ క్రాల్ అనే నగల వర్తకుని చేతికి వెళ్ళింది. 1914లో యుద్ధం రాగా సైన్యానికి తోలుకొనిపోయారని చెబుతారు. ఆ తరువాత దాని జాడ లేదు.

మన దేశంలో ఈ పనికి పూనుకొన్నది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. 1952లో రాజ్యసభకు నియమితురాలై, క్రూరత్వ నివారణకు బిల్లు తెచ్చారు. ప్రభుత్వం ఆ బాధ్యతను తానే తీసుకోగా 1960లో చట్టమైనది. దాని కింద 1978లో పశువుల రవాణా నియమాలు వచ్చాయి. బ్రాడ్‌గేజి గూడ్సు పెట్టెలో పెద్ద పశువులు పదికి మించరాదు, దూడలైతే పదిహేను. మీటరుగేజిలో ఆరు, పది. పట్టాలకు సమాంతరంగా, ఎదురెదురుగా నిలపాలి. పశువుల పెట్టెలను బండికి నడుమ తగిలించాలి. కొసపెట్టెలో కుదుపు తిన్నవారికి దీని కారణం నేను చెప్పనక్కరలేదు. పెట్టెకు కనీసం ఒక మనిషి తోడుండాలి.