విష్ణుచిత్తుడి ఇంట కొబ్బరి చిప్పలు

జూన్ 5 దగ్గరపడితే పత్రికాఫీసు నుంచి ఫోను వస్తుంది. పర్యావరణానికి మేలు చేసే పది ఇంటి అలవాట్లు రాసిమ్మంటారు. 1972లో ఆ రోజున స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి సభ మొదలైంది, మరుసటి ఏటి నుంచి అది ప్రపంచ పర్యావరణ దినమైంది. కుళాయి కట్టెయ్యండి, గుడ్డసంచి పట్టుకెళ్లండి, ఆకుల్లో తినండి అని అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాం. ఈసారి జాబితా వద్దు, చరిత్ర రాస్తానన్నాను. చిక్కల్లా ఒక్కటే. మన రాజులు చెరువులు తవ్వించిన సంగతి శాసనాల్లో చెక్కించారు గానీ, అంట్లు దేంతో తోమేవారో చెక్కించలేదు.

అందుకే శాతవాహనుల నుంచి కాకతీయుల దాకా వెయ్యేళ్లకు పైబడ్డ కాలాన్ని ఒక్క గెంతులో దాటాలి. మన అమ్మమ్మల దాకా మిగిలిన పద్ధతుల్ని బట్టి వెనక్కి ఊహించుకోవడమే. పొయ్యిలో బూడిద అంట్లకు, బియ్యం కడిగిన నీళ్లు గేదెకు కుడితి, మోదుగాకులో అడ్డాకులో విస్తరికి, తిన్న విస్తరి పెంటపోగుకు, ఆ పెంట పొలానికి. పాతచీర బొంతయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డయ్యేది. దీన్ని ఎవరూ పర్యావరణ పరిరక్షణ అనలేదు. పారేస్తే మళ్లీ కొనుక్కునే దారి లేక దాచుకున్నారు, అంతే.

వంటింటి తలుపు బార్లా తీసి చూపించిన రాజు మాత్రం ఒకడున్నాడు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు. కళింగ దండయాత్రకు వెళుతూ కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడట. అలా పుట్టిన ‘ఆముక్తమాల్యద’లో గోదాదేవి కల్యాణం అసలు కథ. నన్ను పట్టుకు వదలనిది మాత్రం మొదటి ఆశ్వాసంలో ఆమె తండ్రి విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో వైష్ణవ యాత్రికులకు పెట్టే అన్నం.

జడివాన రోజులు. కట్టెలన్నీ తడిసి ఉంటాయి. విష్ణుచిత్తుడి ఇంట పొయ్యిలో మండుతున్నవి ఎండు కొబ్బరి చిప్పలు! సామ్రాజ్యం ఏలుతూ, యుద్ధాలు నడుపుతూ, ఒక పేద బ్రాహ్మణుడి ఇంట్లో వానాకాలం పొయ్యి దేంతో మండుతుందో పట్టించుకున్న చక్రవర్తి ఇంకెక్కడున్నాడో నాకు తెలీదు. ఆ పొయ్యి మీద వండినవి వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు. వాటి పక్కన వడియాలు, వరుగులు, పెరుగు, ధారాళంగా నెయ్యి.

వడియాలు, వరుగులు అన్న రెండు మాటల దగ్గర కాస్త ఆగాలి. అవి వానల్లో తయారయ్యేవి కావు. ఎండలు మండే రోజుల్లో వంకాయలో దోసకాయలో తరిగి ఎండబెట్టి, కుండలో పోసి మూత కడితే ఆషాఢ శ్రావణాల్లో విస్తట్లోకి వస్తాయి. చిప్పలూ అంతే. కొబ్బరికాయ కొట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు చిప్పను పెరట్లోకి విసరకుండా తడి తగలని చోటికి చేర్చి ఉండాలి. పద్యం చదివినవాళ్లు పదాల పొందిక మెచ్చుకుంటారు. నాకు మాత్రం నెలల ముందు వేసిన లెక్క కనిపిస్తుంది.

వేసవి భోజనం వేరు. ముందు ఒంటికి చందనం, తర్వాత నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి, చెరుకురసం, లేత కొబ్బరినీళ్లు, పళ్లు, ఊరవేసిన మామిడి పిందెలు, నీళ్ల మజ్జిగ. చలికాలంలో మిరియాలు చల్లిన వేడివేడి కూరలు, ఆవపచ్చళ్లు, పాయసం, కాచిన పాలు. (మిరపకాయ ఎక్కడా లేదు. ఘాటంతా మిరియానిదీ ఆవాలదీనూ.) చలవ యంత్రం, వేడి యంత్రం చేసే పనులన్నీ విస్తరి చేసేసింది. ఇంత పెట్టీ, అర్ధరాత్రి వచ్చిన అతిథి ముందు ఆ గృహస్థు, కూరలు ఎక్కువ లేవు, పదార్థాలు వేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నమూ అంత బాగా లేదు, దయచేసి తినండి అని సంస్కృతంలో క్షమాపణ చెప్పుకుంటాడు. ఆ వినయం చూస్తే నవ్వూ వస్తుంది, ఆకలీ వేస్తుంది.

అయితే రాయలు ఇంకో నిజం కూడా చెప్పాడు. నాలుగో ఆశ్వాసంలో వానలు వర్ణిస్తూ, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్లను చూపిస్తాడు. కాస్త నిప్పు దొరికినా అది రాజుకోవడమే కష్టం, రాజుకుంటే ఇల్లంతా పొగ. చిప్పలు దాచిన ఇల్లు ఒకటైతే పొగలో కళ్లు నులుముకున్న ఇళ్లు వీధంతా. పైగా విష్ణుచిత్తుడు వడ్డించాడని ఉంది గానీ, వరుగులు ఆరబోసి కాకుల్ని తోలిందెవరో లేదు.

ఇక్కడి నుంచి కథ వరస తప్పుతుంది. ఆ పొగను చూసే 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ‘దీపం’ పథకం కింద పేద ఇళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది, 2016లో కేంద్రం ‘ఉజ్వల’ తెచ్చింది. భూమిలోంచి తీసిన ఇంధనమే అయినా, దాన్ని వద్దనమని ఏ ఇల్లాలికీ చెప్పే ధైర్యం నాకు లేదు. గ్యాస్ వచ్చాక బూడిద పోయింది, బూడిద పోయాక అంట్లకు సబ్బుబిళ్ల, దాన్ని చుట్టిన ప్లాస్టిక్ కాగితం వచ్చాయి. ఫ్రిజ్ వచ్చి వరుగుల పని పట్టింది. 2015లో హైదరాబాదులో ఇంటింటికీ తడిచెత్తకు పచ్చడబ్బా, పొడిచెత్తకు నీలండబ్బా పంచారు. మా వీధిలో కొన్నిళ్లలో వాటిలో బియ్యం పోసుకున్నారు. 2022 జూలై 1న ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతటా నిషేధించారు. ఆ అక్టోబరులోనే ‘లైఫ్’ పేరుతో పర్యావరణ ఉద్యమం మొదలైంది, దాని కింద ప్రభుత్వం పౌరులకు చెప్పిన పనులు 75. పదితో మొదలైన జాబితా అక్కడిదాకా పెరిగింది.

కొబ్బరి చిప్ప మాత్రం ఇంకా ఇంట్లోకి వస్తూనే ఉంది, వేషం మార్చుకుని. దాన్ని కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గును ఆవిరితో శుద్ధి చేస్తే వాసనల్నీ మలినాల్నీ పట్టేసే గుణం వస్తుంది. వంటింటి గోడకు వేలాడే నీళ్ల ఫిల్టర్‌లో చాలావాటికి అదే గుండె. ఏడాదికోసారి మెకానిక్ వచ్చి ఆ గొట్టం మార్చి, పాతది మన చేతిలోనే పెట్టి పోతాడు. లోపల చిప్ప బొగ్గు, బయట ప్లాస్టిక్, నిండా నీళ్లు. అది పచ్చడబ్బాలో వెయ్యాలో నీలండబ్బాలో వెయ్యాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు.