ఎత్తు మడి ఎవరికి, పాదు ఎవరికి

పెరట్లో నాలుగు కూరగాయలు, రెండు పండ్ల చెట్లు పెంచుకుందామనుకునే వారికి ఈ రోజుల్లో మొదట అందే సలహా ఎత్తు మడి కట్టుకోమని. ఇటుకలతోనో సిమెంటు పలకలతోనో అడుగున్నర గోడలు లేపి, కొనుక్కొచ్చిన మట్టీ కంపోస్టూ నింపి, అందులో మొక్క నాటడమే సరైన పద్ధతని చాలామంది నమ్ముతున్నారు. హైదరాబాద్‌లో రాతినేల మీద ఇల్లు కట్టుకున్నవారికీ, అమలాపురంలో కాలువ పక్కన స్థలం ఉన్నవారికీ, అనంతపురంలో బోరు మీద ఆధారపడ్డవారికీ ఇదే సలహా. ఎత్తు మడి మంచిదే. కానీ పెద్ద ఎత్తున అది పాతుకుపోయింది నీరు ఎక్కువైన చోట, వేరుకు ఊపిరి ఆడటం కోసం. నీరు కరువైన చోట మనుషులు సరిగ్గా దీనికి ఎదురు పని చేశారు. నేలను తవ్వి పల్లం చేశారు. మడి ఎంత ఎత్తుండాలో తేల్చేది నీరేననీ, పండ్ల మొక్కను కూడా అదే లెక్కన ఎంచుకోవాలనీ సాగు చరిత్ర చెబుతోంది.

ఇందుకు అన్నిటికన్నా గొప్ప సాక్ష్యం మెక్సికో లోయలోని చినాంపాలు. నేటి మెక్సికో నగరం ఉన్నచోట ఒకప్పుడు ఒకదాన్నొకటి ఆనుకుని ఐదు సరస్సులుండేవి. దక్షిణాన ఉన్న సోచిమిల్కో, చాల్కో సరస్సులకు ఊటల నుంచి మంచినీరు చేరేది, లోతు తక్కువ. రైతులు ఆ నీళ్లలో గుంజలు పాతి, నాచునూ నీటి మొక్కలనూ అడుగు బురదనూ పొరలు పొరలుగా పోసి, సన్నగా పొడవుగా మడులు లేపారు. అంచులు కోసుకుపోకుండా ఒక జాతి విల్లో చెట్లు నాటారు. మడికీ మడికీ మధ్య కాలువ, కాలువలో పడవ. 15వ శతాబ్దంలో అజ్టెక్ పాలకుల హయాంలో ఇవి బాగా విస్తరించి, తెనోచ్‌తిత్లాన్ రాజధానికి తిండి పెట్టాయి. వీటికి తేలే తోటలని పేరొచ్చింది గానీ ఇవి తేలవు, సరస్సు అడుగును ఆనుకునే ఉంటాయి. నారు పోసే తీరు చూస్తే అక్కడి రైతుల పనితనం అర్థమవుతుంది. పొడవాటి కర్రకు కట్టిన సంచితో కాలువ అడుగు నుంచి బురద తోడి, మడి అంచున చదునుగా పరుస్తారు. అది కాస్త బిగిశాక కత్తితో చిన్న చిన్న చదరాలుగా కోస్తారు. ఒక్కో చదరంలో చిన్న గుంట చేసి, విత్తనం వేసి, పైన ఎరువు పొడి చల్లుతారు. మొలిచిన మొక్కను ఆ మట్టి చదరంతో సహా తీసుకెళ్లి నాటుతారు, వేరు చెదరదు. ఈ మడుల ఎత్తులో ఒక లెక్క ఉంది: వేళ్లు మునగకూడదు, కింది నీటి చెమ్మ వేళ్లకు అందకుండానూ పోకూడదు.

ఆ లెక్క తప్పినప్పుడు ఏమైందన్నది ఇంకా ముఖ్యం. 1521లో స్పెయిన్ సేనలు రాజధానిని పట్టుకున్నాక, కొత్త పాలకులకు సరస్సులు వరద భయంగానే కనిపించాయి. 1607లో లోయ నీటిని బయటికి తోడే సొరంగం పని మొదలైంది, శతాబ్దాల పాటు ఆ ప్రయత్నం సాగుతూనే వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో సోచిమిల్కో ఊటల నీటిని కూడా గొట్టాల ద్వారా నగరానికి మళ్లించారు. మడులు అవే, మట్టి అదే, రైతులూ వాళ్లే. కాలువలో నీటిమట్టం పడిపోయేసరికి నిన్నటి దాకా బలంగా ఉన్న ఎత్తే లోపమైపోయింది. చివరికి శుద్ధి చేసిన మురుగునీటిని కాలువల్లోకి వదలాల్సి వచ్చింది. 1987లో యునెస్కో సోచిమిల్కోను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది, కానీ గుర్తింపు ఊట నీటిని తిరిగి తేలేదు.

ఎండిన నేలల చరిత్ర దీనికి ఎదురు దిశలో నడిచింది. అమెరికాలోని న్యూమెక్సికోలో జూనీ జాతివారు పెరటి కూరగాయలకు మడి లేపలేదు. నేలను చిన్న చిన్న గళ్లుగా విభజించి, ఒక్కో గడి చుట్టూ తడిమట్టితో చిన్న గట్టు పోసి, ఏటి నుంచి కుండలతో తెచ్చిన నీటిని ఆ గుంటల్లో పోసేవారు. గట్టు గాలిని ఆపేది, నీరు పక్కకు జారకుండా వేరు దగ్గరే ఇంకేది. బుర్కినా ఫాసోలో 1980ల తొలినాళ్ల కరువులో యాకూబా సావాదోగో అనే రైతు, గట్టిపడిపోయిన నేలలో జానెడు గుంటలు తవ్వి, ఎరువు వేసి, తొలకరి కోసం సిద్ధంగా ఉంచే పాత పద్ధతిని మెరుగుపరిచాడు. బంజరు మళ్లీ పంట పండింది, చెట్లు లేచాయి. ఈ ఇద్దరికీ ఎత్తు మడి ఇచ్చి ఉంటే ఉన్న కాస్త నీరూ నాలుగు పక్కలా ఆరిపోయేది.

ఈ రెండు దారులూ తెలుగు నేల మీదే కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో నీరు తేవడం ఎంత పనో, మిగులు నీటిని మురుగు కాలువల్లోకి పంపడమూ అంత పనైంది. అక్కడ కందకూ పసుపుకూ బోదెలు వేయడం, అరటి మొదలుకు మట్టి ఎగదోయడం వాడుకలో ఉన్నది వేరు కుళ్లకూడదనే. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడ చీనీ చెట్టు చుట్టూ పాదు చేస్తారు, నీళ్లు ఆ పాదులోనే ఇంకాలి. ఒకచోటి పద్ధతిని ఇంకోచోటికి మార్చి పెడితే రెండు చోట్లా చెట్టు పోతుంది.

మరి ఇప్పుడు అందరూ చెప్పే గోడల మడి ఎక్కడి నుంచి వచ్చింది? 19వ శతాబ్దంలో పారిస్ శివార్లలోని కూరగాయల తోటల వాళ్లు గుర్రపు లద్దెతో వెచ్చని మడులు చేసి, గాజు గంటలు బోర్లించి, చలికాలంలోనూ ఆకుకూరలు పండించారు. మోరో, దావెర్న్ అనే ఇద్దరు తోటమాలులు 1845లో ఆ పద్ధతులన్నీ పుస్తకంగా రాశారు. నగరంలో గుర్రాలుండటం వల్ల ఎరువు దొరికింది, తోటలో బావి ఉండటం వల్ల నీరు దొరికింది. 1967లో అలన్ చాడ్విక్ అనే తోటమాలి ఆ సంప్రదాయాన్ని కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌కు తెచ్చాడు. 1974లో జాన్ జీవన్స్ పుస్తకంతో అది ఇళ్లకు చేరింది. జీవన్స్ మడికి గోడల అవసరం లేదు. నేలను రెండడుగుల లోతున గుల్ల చేస్తే మట్టి దానంతటదే పొంగి కాస్త ఎత్తవుతుంది. మెల్ బార్తలోమ్యూ 1981లో చదరపు అడుగుల సాగు గురించి రాశాడు. 2006 నాటి కొత్త పుస్తకంలో ఆరంగుళాల పెట్టెలో మిశ్రమం నింపి నేలతో పని లేకుండా పెంచమన్నాడు. లోతుగా తవ్విన నేల నుంచి లోతులేని పెట్టె దాకా వచ్చిన ఈ దారిలో, నీటి ప్రశ్న మెల్లగా పక్కకు జరిగిపోయింది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరాలు రెండున్నాయి. మొదటిది: నగరంలో మట్టే లేదు, ఉన్నదంతా కట్టడాల రద్దు, డాబా మీదైతే తవ్వడానికి నేలే లేదు. అటువంటి చోట పెట్టె తప్పదు. వంగలేని పెద్దవారికీ ఎత్తు మడి నిజంగా మేలు చేస్తుంది, కాళ్ల కింద నలగని మట్టి గుల్లగానూ ఉంటుంది. ఇవన్నీ ఒప్పుకోవాల్సినవే. ఒప్పుకుంటూనే దాని ఖరీదు కూడా చెప్పాలి: మే నెల ఎండకు ఇటుక గోడ కాగి మట్టిని పక్కల నుంచి ఎండబెడుతుంది, రోజూ నీరడుగుతుంది. రెండోది: ఇప్పుడు డ్రిప్పు పైపులున్నాయి, బోర్లున్నాయి, పాతకాలపు లెక్కలెందుకు? డ్రిప్పు నీటిని పొదుపుగా పంచుతుంది, లేని నీటిని పుట్టించదు. సోచిమిల్కోను ఎండబెట్టింది కూడా నీటిని గొట్టంతో ఎక్కడికైనా మళ్లించవచ్చన్న ధీమాయే. పైగా మన దగ్గర ఒకే పెరడు ఆగస్టులో మునుగుతుంది, ఏప్రిల్‌లో మాడుతుంది. గోడ కట్టేశాక మడి ఎత్తు మార్చలేం. మట్టి బోదెనైతే వానల ముందు ఎగదోసి, శీతాకాలం వెళ్తుండగా పాదుగా దిద్దుకోవచ్చు.

పండ్ల మొక్కల ఎంపికకూ ఇదే కొలత. మన పెరటి చెట్లలో జామ, బొప్పాయి, సీతాఫలం, సపోటా అన్నీ అమెరికా ఖండపు వేడి ప్రాంతాలవే. పోర్చుగీసువారు సముద్ర దారులు తెరిచాకే ఇటు వచ్చాయి. పుట్టింది ఒకే ఖండంలోనైనా నీటి విషయంలో ఒకదానికొకటి పోలిక లేదు. బొప్పాయి మొదలు దగ్గర రెండు రోజులు నీరు నిలిస్తే వేళ్లు కుళ్లి చెట్టు కూలుతుంది; డెల్టా పెరట్లో ఎత్తు మడిని మొదట ఇవ్వాల్సింది దీనికే. జామ కొంత నీటిని ఓర్చుకుంటుంది. సీతాఫలం పాలమూరు రాళ్ల గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే కాసింది, బాలానగర్ రకానికి పేరిచ్చింది ఆ నేలే. దానికి కంపోస్టు నింపిన పెట్టె కట్టడం డబ్బు దండగ. రేగు, దానిమ్మ కూడా పొడినేల చెట్లే. నిమ్మకు మధ్యేమార్గం కావాలి: మొదలు చుట్టూ మట్టి కాస్త ఎత్తు చేసి, దానికి ఎడంగా రెండో వలయంలో నీరు పెడితే బంక తెగులు దరిచేరదు. ఒకే చెట్టు కింద ఎత్తూ పల్లమూ రెండూ ఉన్న ఈ పాదు మన రైతుల అనుభవానికి చక్కటి రుజువు.

అందుకే నర్సరీకి వెళ్లే ముందు, ఇటుకలు తెప్పించే ముందు, ఒక పెద్ద వాన తర్వాత పెరట్లో నీరు ఎటు పోతోందో, ఎంతసేపు నిలుస్తోందో చూసుకోవాలి. అడుగున్నర గుంట తవ్వి నీళ్లు నింపి, మర్నాటికీ ఇంకకపోతే మట్టి లేపాలి. గంటలో ఇంకిపోతే పాదు చేయాలి. ఆ తర్వాతే మొక్క పేరు అడగాలి. సోచిమిల్కో రైతూ జూనీ స్త్రీలూ కోనసీమ, రాయలసీమ రైతులూ ఈ వరసలోనే ఆలోచించారు: ముందు నీరు, తర్వాత మడి, ఆపైన మొక్క. వరస తిరగబడితే ఎంత ఖర్చు పెట్టిన తోటైనా నిలవదు.