పారామెడిక్‌లకు అడ్వాన్స్‌డ్ శిక్షణ అంటే ఏమిటి?

యాగంటి నుంచి బనగానపల్లె మీదుగా నంద్యాల దాదాపు 50 కిలోమీటర్లు. శివరాత్రి రద్దీలో గుహల మెట్లెక్కుతూ ఎవరికైనా గుండెపోటు వస్తే, నంద్యాల పెద్దాసుపత్రికి చేరేసరికి గంట దాటిపోతుంది. అంతసేపూ ఆ ప్రాణం అంబులెన్స్‌లోని పారామెడిక్ చేతుల్లోనే.

108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. సైన్స్ డిగ్రీ చదివినవాళ్లకు కొన్ని వారాల ట్రైనింగ్ ఇచ్చి బండి ఎక్కించేవారు. రక్తం ఆపడం, ఎముకకు కట్టు కట్టడం, ఆక్సిజన్ పెట్టడం దాకా అది సరిపోతుంది. కానీ కట్లపాము కాటునే చూడండి. విషంతో ఊపిరి తీసే కండరాలే చచ్చుబడతాయి. దారి పొడవునా బ్యాగ్ నొక్కుతూ, అవసరమైతే గొంతులో గొట్టం వేసి శ్వాస ఆడించాలి. ఈసీజీ చదవడం, గుండెకు షాక్ ఇవ్వడం కూడా ఇలాంటివే. వీటి కోసమే ఈఎంఆర్‌ఐ 2007లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీతో కలిసి రెండేళ్ల కోర్సు పెట్టింది.

2020 జూలై 1న ఏపీలో రోడ్డెక్కిన 412 కొత్త 108 బళ్లలో వెంటిలేటర్ ఉన్న అడ్వాన్స్‌డ్ రకం 104 మాత్రమే. బండి కొనేస్తే సరిపోదు, మిషన్ నడిపే మనిషీ కావాలి కదా.

ప్రైమరీ కేర్ సంగతి వేరు. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు 6 నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు పూర్తిచేసి ఊరి క్లినిక్‌లో బీపీ, షుగర్ చూస్తారు.

108కి ఫోన్ చేస్తే ముందు రెండు మాటలు చెప్పాలి: స్పృహ ఉందా, ఊపిరి ఆడుతోందా. ఏ బండి పంపాలో తేల్చుకోవడానికి అవే ఆధారం.