బందరు ఎరుపు

బందరు వెళ్లినవాళ్లు మంగినపూడిలో సముద్రం చూసి, లడ్డూ కట్టించుకుని తిరిగొస్తారు. పక్కనే ఉన్న పెడనలో అద్దకం పాకల మధ్య ఒక పూట గడపనిదే బందరు చూడటం పూర్తికాదని నా నమ్మకం. ఈ రేవుకు దేశదేశాల్లో పేరు తెచ్చింది అక్కడి కలంకారీ గుడ్డే.

దాని పుట్టుక తీరంలోని ఇసుక నేలల్లో ఉంది. అక్కడ పెరిగే చిరివేరు అనే చిన్న మొక్క వేళ్లు ఎర్రరంగునిస్తాయి. అయితే ఆ రంగు గుడ్డను ఊరికే పట్టుకోదు, పటిక కావాలి. అందుకే గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టి, టేకు అచ్చుతో పటిక అద్ది, ఆపైన రాగి పాత్రలో రంగుతో ఉడికిస్తారు. పటిక పడిన పువ్వే ఎరుపెక్కుతుంది. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం కలిపి నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. జాడించడానికి పారే కాలవ ఉండాలి. నిలవ నీళ్లయితే విడిపోయిన రంగు మళ్లీ తెల్లని చోటికే అంటుకుంటుంది. ఇంత శ్రమ పడితేనే ఎన్ని ఉతుకులకైనా వెలవని గుడ్డ తయారవుతుంది.

కుతుబ్‌షాహీల కాలంలో బందరు గోల్కొండకు పెద్ద రేవు. పర్షియా వర్తకులు ఒకే నమూనాలో పదేపదే గుడ్డలు అడిగేవారు కాబట్టి ఇక్కడ అచ్చు స్థిరపడింది. శ్రీకాళహస్తిలో కలం పురాణ కథలు గీస్తే, బందరు అచ్చుల్లో తీగలు, పూలు, జీవవృక్షం విరిశాయి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి కొఠీలు పెట్టారు. ఈ గుడ్డలిచ్చి తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలు కొన్నారు. యూరపులో భారతీయ అద్దకాల మీద మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ 1721లో నిషేధాలు పెట్టాల్సి వచ్చింది.

1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30 వేలమంది పోయారు. నాలుగేళ్లకు జర్మన్ రసాయనవేత్తలు చిరివేరులో ఉండే అలిజరిన్‌నే ప్రయోగశాలలో తయారుచేశారు. కాలక్రమాన వేళ్లు తవ్వేవారు తగ్గిపోయారు. ఈనాటి ఎరుపులో చాలావరకు అదే అలిజరిన్.

రంగు మారినా అచ్చు కొట్టే చెయ్యి మారలేదు. దాన్ని దెబ్బతీస్తున్నది కలంకారీ పేరుతో అమ్ముడయ్యే స్క్రీన్ ప్రింట్లు. పెడన వెళ్తే గుడ్డ తిరగేసి చూడండి. వెనక్కి దిగిన రంగు, అచ్చూ అచ్చూ కలిసేచోట వెంట్రుకవాసి తప్పిన గీత కనిపిస్తే బేరమాడకుండా కొనండి.