రక్షణ టెండర్లలో నాలుగు శాతం: నిర్వచనంలో ఎంత మిగులుతుంది, కాంట్రాక్ట్‌లో ఎంత కనిపిస్తుంది

నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే రెండు పెద్ద రక్షణ ఉత్పత్తి కేంద్రాలున్నాయి. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సైన్యానికి ‘శరత్’ బీఎంపీ-2 యుద్ధ వాహనాలు తయారు చేస్తుంది. భానూరులో భారత్ డైనమిక్స్ లిమిటెడ్ యూనిట్ ఉంది. ఇలాంటి సంస్థలకు యంత్ర విడిభాగాల నుంచి ఫర్నిచర్, యూనిఫాం బట్ట, అద్దె వాహనాలు, క్యాంటీన్ సేవల దాకా అన్నీ కావాలి. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమలకు 4 శాతం వాటా 2012 నుంచి చట్టబద్ధమైన ఉత్తర్వులో ఉంది. ఆ వాటా మన యువతకు చేరాలంటే మూడు విషయాలు తెలియాలి: నిబంధనలోని మాటకు ఇచ్చిన నిర్వచనం, కాంట్రాక్ట్‌లో ఆ నిబంధనను ప్రస్తావించిన తీరు, రెండు పత్రాలు పొసగనప్పుడు ఏది చెల్లుతుందన్న క్రమం.

ఏ కొనుగోలుకు ఏ పుస్తకం

రక్షణ కొనుగోళ్లన్నిటికీ ఒకే నియమావళి లేదు. ట్యాంకులు, విమానాలు, క్షిపణుల వంటి మూలధన కొనుగోళ్లకు 2020 అక్టోబర్ 1 నుంచి రక్షణ సేకరణ విధానం, అంటే డీఏపీ-2020 అమల్లోకి వచ్చింది. సైన్యం రోజువారీ అవసరాలు, విడిభాగాలు, మరమ్మతులు రెవెన్యూ కొనుగోళ్లు. వాటికి రక్షణ కొనుగోలు మాన్యువల్, అంటే డీపీఎం ఉంది. 2009 నాటి మాన్యువల్ స్థానంలో 2025 నవంబర్ 1 నుంచి కొత్తది వచ్చింది. వీటికి వెనకాల కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్ఆర్-2017 ఉంటాయి.

కొనేది మంత్రిత్వ శాఖ అయితే రాజ్యాంగం 299వ అధికరణ ప్రకారం కాంట్రాక్ట్ రాష్ట్రపతి పేరుతో ఉంటుంది. కొనేది ప్రభుత్వరంగ కంపెనీ అయితే ఆ కంపెనీ పేరుతోనే ఉంటుంది. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీశారు. ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కిందికి వెళ్లింది. కంపెనీలకు సొంత కొనుగోలు మాన్యువళ్లు ఉంటాయి. అందుకే టెండర్ చేతికి రాగానే మొదట అడగాల్సిన ప్రశ్న: ఇది ఏ పుస్తకం కింద పిలిచిన టెండర్?

పుస్తకం ఏదైనా 4 శాతం ఉత్తర్వు మాత్రం కేంద్ర మంత్రిత్వ శాఖలకు, ప్రభుత్వరంగ సంస్థలకు రెండింటికీ వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ టెండర్లకు వర్తించదు.

‘వంటివి’ అనే ఒక్క మాట

ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం-2006లోని సెక్షన్ 11 కింద 2012 మార్చి 23న సూక్ష్మ, చిన్న సంస్థల ప్రభుత్వ కొనుగోలు విధాన ఉత్తర్వు వెలువడింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి అయింది. మొదట వార్షిక కొనుగోళ్లలో 20 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలన్నారు. 2018 నవంబర్ సవరణతో 2019 ఏప్రిల్ నుంచి అది 25 శాతమైంది. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానులది, 3 శాతం మహిళా యజమానులది.

ఎస్సీ, ఎస్టీ సంస్థ అంటే ఏమిటో ఉత్తర్వు అమలులో స్పష్టంగా ఉంది. సొంత యాజమాన్యమైతే యజమాని ఎస్సీ లేదా ఎస్టీ కావాలి. భాగస్వామ్యమైనా, ప్రైవేట్ లిమిటెడ్ అయినా కనీసం 51 శాతం వాటా వారి చేతిలో ఉండాలి.

శాతం దేని మీద లెక్కించాలన్నది ఇంత స్పష్టంగా లేదు. రక్షణ శాఖ ఆయుధ దిగుమతులను లక్ష్యం లెక్కలోకి తీసుకోనక్కర్లేదని అదే ఉత్తర్వు చెబుతుంది. ఆయుధ వ్యవస్థలు, క్షిపణులు ‘వంటి’ రక్షణ పరికరాలు ఈ విధానం పరిధిలోకే రావని కూడా చెబుతుంది. ఆ ‘వంటివి’ ఎక్కడ ఆగుతాయో చెప్పలేదు. యుద్ధ వాహనం ఆయుధ వ్యవస్థే అనుకుందాం. దానిలో సీటు కవరు? బ్రాకెట్? బోల్టు?

ఊహాత్మకంగా లెక్క వేద్దాం. ఒక సంస్థ ఏటా 100 కోట్లు కొంటే ఎస్సీ, ఎస్టీల వాటా 4 కోట్లు. అందులో 60 కోట్లను ‘ఆయుధ వ్యవస్థ’ పద్దులో వేస్తే లెక్క మిగతా 40 కోట్ల మీదే నడుస్తుంది. వాటా 1.6 కోట్లకు పడిపోతుంది. ఎవరూ నిబంధనను ఉల్లంఘించలేదు, శాతమూ మారలేదు. మారింది నిర్వచనం.

ఇంకో తలుపు కూడా తెరిచే ఉంది. ఎస్సీ, ఎస్టీ సంస్థలు టెండర్‌లో పాల్గొనకపోయినా, షరతులు లేదా కనిష్ఠ ధర అందుకోలేకపోయినా ఆ 4 శాతాన్ని ఇతర చిన్న సంస్థల నుంచి కొనవచ్చు. ఎవరూ రాలేదన్న మాటతో వాటా వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. ఎందుకు రాలేదన్నది అడగాల్సింది మనమే.

కాంట్రాక్ట్‌లో ప్రస్తావన

వందల పేజీల మాన్యువల్‌ను ఏ కాంట్రాక్ట్‌లోనూ పూర్తిగా అచ్చు వేయరు. ‘ఫలానా ఉత్తర్వు వర్తిస్తుంది’ అని ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యంతో బయటి పత్రం కాంట్రాక్ట్‌లో భాగమవుతుంది. అమెరికాలో రక్షణ కొనుగోలు నియమాల్లో ప్రతి క్లాజుకూ ఒక నంబరు, తేదీ ఉంటాయి. నంబరు ఉటంకిస్తే చాలు, పూర్తి పాఠం రాసినంత బలం దానికి ఉంటుందని అక్కడి ప్రామాణిక క్లాజు చెబుతుంది. మన దగ్గర ఉత్తర్వు పేరు, సంవత్సరం రాయడం ఎక్కువ.

ఇక్కడ చూడాల్సింది తేదీ. ‘ఉత్తర్వు-2012 ప్రకారం’ అని మాత్రమే రాస్తే 20 శాతమా, 25 శాతమా అన్న వాదనకు చోటిచ్చినట్టే. ‘ఎప్పటికప్పుడు జరిగిన సవరణలతో’ అన్న మాట ఉంటే ఆ వాదన ఉండదు.

టెండర్‌లో అసలు ప్రస్తావనే లేకపోతే? ఇక్కడ రెండు రకాల హక్కులను వేరు చేసి చూడాలి. 4 శాతం సంస్థ మొత్తం వార్షిక కొనుగోలుకు పెట్టిన లక్ష్యం. ఒక్కో టెండర్‌లో అంత పక్కన పెట్టాలని కాదు. ఈఎండీ మినహాయింపు, ఉచిత టెండర్ పత్రాలు, ధర సరిపోల్చుకునే అవకాశం మాత్రం ఒక్కో టెండర్‌లో అడగదగినవి. పెద్ద కంపెనీ 100 రూపాయలకు కనిష్ఠ ధర కోట్ చేసి, మన సంస్థ 112 చెప్పిందనుకుందాం. తేడా 15 శాతం లోపే కాబట్టి 100కు దిగివచ్చి కనీసం 25 శాతం సరఫరా పొందే అవకాశం ఉంటుంది. కనిష్ఠ ధర చెప్పింది కూడా చిన్న సంస్థే అయితే ఈ అవకాశం రాదు.

లైఫ్‌కేర్ ఇన్నోవేషన్స్ కేసులో 2025లో సుప్రీంకోర్టు ఈ ఉత్తర్వుకు చట్టబలం ఉందని చెప్పింది. ఆ శాతం ఒక్కో సంస్థకు విడిగా వచ్చే హక్కు కాకపోయినా, అమలు చేయాల్సిన అధికారులు న్యాయ సమీక్షకు జవాబుదారులని స్పష్టం చేసింది. టెండర్ మౌనంగా ఉన్నంత మాత్రాన బాధ్యత పోదు.

ఏది పైన

చట్టం, దాని కింద వచ్చిన ఉత్తర్వు, మాన్యువల్, టెండర్ షరతు: మామూలు క్రమం ఇది. కాంట్రాక్ట్ లోపల మాత్రం ‘ప్రత్యేక షరతులు సాధారణ షరతులను అధిగమిస్తాయి’ అన్న క్లాజు ఉంటుంది. జెమ్ పోర్టల్‌లోనూ కొనుగోలుదారు చేర్చే అదనపు షరతులకే మొగ్గు. కాబట్టి మొదటి పేజీలో మినహాయింపు చూసి సంబరపడకూడదు. చివరి అనుబంధంలో ‘గత మూడేళ్ల టర్నోవర్ ఇంత’, ‘ఇదే వస్తువు రక్షణ సంస్థకు సరఫరా చేసిన అనుభవం’ వంటి షరతులు ఉన్నాయేమో చూడాలి. తరతరాలుగా పెట్టుబడికి, వ్యాపారానికి దూరంగా ఉంచిన కులాల నుంచి వచ్చిన మొదటి తరం వ్యాపారిని ఆపడానికి ఆ రెండు వాక్యాలు చాలు.

పెద్ద కంపెనీ దగ్గర సబ్ కాంట్రాక్ట్ తీసుకుంటే పై షరతులేవి కిందికి దిగాయో ఆ ఒప్పందంలోనే రాసి ఉండాలి. నాణ్యత, గోప్యత, జరిమానా క్లాజులు తప్పకుండా దిగుతాయి. మినహాయింపులు దిగవు. అయితే చెల్లింపు విషయంలో చట్టమే అండ. ఎంఎస్ఎంఈ చట్టం సెక్షన్ 15 ప్రకారం ఒప్పందంలో ఏం రాసినా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే సెక్షన్ 16 కింద బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. వివాదం ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు తీసుకెళ్లవచ్చు. కొనేది ప్రైవేటు కంపెనీ అయినా ఇది వర్తిస్తుంది.

చేయాల్సిన పనులు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, కుల ధ్రువీకరణ పత్రం కాంట్రాక్ట్‌కు ముందే సిద్ధంగా ఉండాలి. కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఈ ఉత్తర్వు ప్రయోజనాలు లేవు, తయారీ లేదా సేవ చూపాలి. ఈఎండీ మినహాయింపు ఉన్నా పని దక్కాక కట్టే పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ వేరు, దానికి డబ్బు చూసుకోవాలి. 2016లో మొదలైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ సహాయం ఎన్ఎస్ఐసీ ద్వారా అందుతుంది.

విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. ‘ఎంఎస్ఎంఈ సంబంధ్’ పోర్టల్‌లో కేంద్ర సంస్థల కొనుగోలు లెక్కలు చూడవచ్చు. అక్కడ కనిపించని దాన్ని పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అడగవచ్చు, జవాబుకు గడువు 30 రోజులు. మన జిల్లా యూనిట్లకు నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు: గత మూడేళ్ల మొత్తం కొనుగోలు ఎంత? అందులో మినహాయింపు పద్దులో వేసింది ఎంత? ఏ వస్తువులను, ఎవరి నిర్ణయంతో వేశారు? ఎస్సీ, ఎస్టీ సంస్థల నుంచి నేరుగా కొన్నది ఎంత?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే ‘వంటివి’ అనే మాట ఎంత దూరం సాగిందో తెలుస్తుంది. నాలుగు శాతం గురించిన వాదన అక్కడి నుంచి మొదలుపెట్టాలి.